మాకరోనిలో ఉప్పు

మా నాన్న వంట చేసేటప్పుడు రుచి చూడడు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. వెయ్యి మందికి వండే మనిషి అరచేతిలో ఒక చుక్కైనా వేసుకోకుండా ఎట్లా వండుతాడని నన్నే ఎగాదిగా చూస్తారు. నలభై ఏళ్లుగా ఆయన వండిన ప్రతి గుండిగలోంచి మొదటి గరిటె ఆకులో పెట్టి దేవుడికి చూపించాకే పంక్తిలోకి పోయేది. దేవుడికంటే ముందు మనిషి నాలుకకు తగిలితే అది ఎంగిలి. అందుకని ఉప్పు, పులుపు, కారం అన్నీ ఆయన ముక్కుతోనే చూసేవాడు. సాంబారు మరుగుతుంటే గుండిగ మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఒక్కసారి గాలి పీల్చి, "ఇంకో పిడికెడు" అనేవాడు. ఆ పిడికెడు పడ్డాక ఇక ఎవరూ మాట్లాడేది లేదు.

ఆ ముక్కంటే నాకు చిన్నప్పటి నుంచి ఒళ్లుమంట. రెండిళ్ల అవతల వెల్లుల్లి దంచినా కనిపెట్టే మనిషి ఇంట్లో ఆడపిల్లగా పెరగడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు. నేను జామకాయ తిన్నానా మామిడికాయ తిన్నానా అనేది కూడా గడప దాటకముందే ఆయనకు తెలిసిపోయేది.

పోయిన వేసవి సంగతి ఇది. జూన్‌లో మూఢం వచ్చేస్తుందని, ఆలోపే పెళ్లిళ్లు కానిచ్చేయాలని ప్రొద్దుటూరు చుట్టుపక్కల జనమంతా ఎగబడ్డారు. సరిగ్గా అప్పుడే, ఇరవై ఏళ్లుగా నాన్న దగ్గర కూరగాయలు తరిగే శివమ్మ, కూతురి కాన్పుకని కమలాపురం పోయింది. మూడు నెలలు రానంది. నేను ఒక ప్రైవేటు బడిలో క్లర్కుని. సెలవులు వస్తున్నాయి కదా, ఈ నాలుగు శుభకార్యాలకూ కత్తిపీట పట్టుకో అని అమ్మ నన్ను తోలింది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం పులివెందుల నుంచి నిర్మలమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. నిర్మలమ్మ పెళ్లికి వండింది నాన్నే. ఇప్పుడు ఆమె కూతురు అర్చన పెళ్లి. పులిహోర, బొబ్బట్లు, చక్కెర పొంగలి అంటూ తల్లి చెబుతుంటే నాన్న తలాడిస్తూ పోయాడు. అర్చన బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. అంతసేపూ ఫోన్ చూసుకుంటూ కూర్చుని, చివర్లో తలెత్తి, తన ఫ్రెండ్స్ అంతా వస్తారు కాబట్టి మాకరోని చీజ్ కౌంటర్ ఒకటి కావాలంది. నాన్న నా వైపు చూశాడు. నేను కత్తిపీట వైపు చూశాను.

"మీతో కాకపోతే ఆ ఒక్కటీ కడప క్యాటరింగ్ వాళ్లకిస్తాం స్వామీ. పిల్ల శానా ఆశపడతాంది," అంది నిర్మలమ్మ మొహమాటంగా.

"ఒక పెండ్లిలో రెండు పొయ్యిలు ఏందమ్మా? మేమే చేస్తాం," అన్నాడు నాన్న.

వాళ్ల కారు సందు మలుపు తిరిగాక, అదేందని నన్ను అడిగాడు. వంకర గొట్టాల్లాంటి గోధుమ ముక్కలు ఉడికించి, పాలు, వెన్న, చీజ్ కలిపి చేస్తారని చెప్పాను. నీకెట్లా తెలుసన్నాడు. ఫోన్లో చూశానన్నాను.

పచ్చి అబద్ధం. నాకు ఆ వంటకం నిఖత్ అత్త దగ్గర తెలుసు. మా వీధి చివర ఇల్లు వాళ్లది, కూతురు ఇరమ్ నా క్లాసు. నిఖత్ అత్త కువైట్‌లో ఒకళ్లింట్లో ఏడేళ్లు వంట చేసి, నేను ఏడో తరగతిలో ఉండగా తిరిగొచ్చేసింది. ఆమె సూట్‌కేసులో నీలం రేకు డబ్బాల చీజ్ ఉండేది. ఆదివారాలు లెక్కలు చేసుకోవడానికని నేను వాళ్లింటికి పోతే, ఇరమ్‌కు పెట్టిన పళ్లెంలోనే నాకూ పెట్టేది. మొదటిసారి ఆ వాసనకు పళ్లెం దూరంగా నెట్టేశాను. రెండోసారి పళ్లెం నాకేశాను. వేడి వేడిగా, తీగలు సాగుతూ, నాలుకంతా పట్టుకుని వదలని ఉప్పని కమ్మదనం, పైన దంచిన మిరియాలు. ఇంటికొచ్చేముందు వాళ్ల కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా తోముకునేదాన్ని. మా ఇంట్లో తెలిస్తే చదువు మానిపిస్తారనే అనుకునేదాన్ని. పన్నెండేళ్లు ఎవరికీ తెలియకుండా తిన్నాను. తెలివైనదాన్నని నాకు నేనే మురిసిపోయాను.

ఒకసారి ఇంట్లో చేసి చూద్దామని నాన్న అంటే, బేకరీ సామాన్ల షాపులో మాకరోని ప్యాకెట్, చీజ్ దిమ్మె ఒకటి తెచ్చాను. దారిలోనే కవరు చింపి ఒక మూల కొరికాను, అది నా బలహీనత. తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే అమ్మ ఊరుకోలేదు. అది దూడ కడుపులోని దేంతోనో చేస్తారని ఏదో వీడియోలో చూసిందట. దాని మీద పచ్చచుక్క ఉందమ్మా అని చూపించినా వినలేదు. దేవుడి పాల పక్కన అది ఉండేందుకు వీల్లేదని, నేను బడికి పోయాక తీసుకుపోయి వంటపాత్రలుండే రేకుల షెడ్డులో పడేసింది. ఏప్రిల్ నెల ఎండ, రేకుల షెడ్డు, మూడు రోజులు.

మూడో రోజు సాయంత్రం బడి నుంచి వస్తే గేటు దగ్గరే నా ముక్కు పగిలిపోయింది. అమ్మ పెరట్లో దూరంగా, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. షెడ్డులో నాన్న స్టవ్ మీద పాలు పెట్టి, ఆ చీజ్ ముక్కలు చేసి వేసి కలుపుతున్నాడు. గిన్నె మీదికి పూర్తిగా వంగి ఉన్నాడు. ఆవిరి మొహానికి కొడుతోంది. కళ్లు మూసుకుని గాలి పీల్చాడు.

"కమ్మగానే వస్తాంది గదా," అన్నాడు నాతో.

నేను గిన్నెలోకి చూశాను, ఆయన మొహంలోకి చూశాను. కొత్తది తెస్తాలే నాన్నా, ఇది చాలదు అని చెప్పి, మసిబట్టతో గిన్నె దించి దొడ్లో పారబోశాను. అమ్మ వెనకాలే వచ్చింది. ఇంత కంపు కొట్టేదాన్ని మనుషులెట్లా తింటారో అని, మళ్లీ తనే, మీ నాన్నకు మాత్రం నచ్చినట్టుందే అంది. చీజ్ వాసనే అంత అనుకుంది పాపం. అది కుళ్లిన వాసనని తెలిసినదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఎట్లా తెలుసో చెప్పుకోలేనిదాన్నీ నేనే.

నా అనుమానం తప్పు కావాలని మొక్కుకున్నాను. మే మొదటి వారం జమ్మలమడుగులో ఒక ఒడుగుకు వంట. పాయసం పాలు అడుగంటాయి. అవతల సన్నాయి వాయించేవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. నాన్న ఆ గుండిగ పక్కనే నిలబడి తాపీగా జీడిపప్పు విరుస్తున్నాడు. నేను వంకాయలు వదిలేసి పరుగెత్తి మంట తగ్గించాను. నాన్న నన్ను చూసి, "నేనే చెప్పబోతాండా," అన్నాడు. ఆయన నోట అబద్ధం వినడం నాకు అదే మొదటిసారి. చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఆ సాయంత్రం కమలాపురానికి ఫోన్ చేశాను. శివమ్మను చుట్టూ తిప్పకుండా అడిగేశాను. అవతల పసిబిడ్డ ఏడుపు వినపడుతోంది. ఆ ఏడుపు దూరమయ్యాక చెప్పింది. నాలుగేళ్ల కింద, ఊరంతా మూతులకు గుడ్డలు కట్టుకుని తిరిగిన రోజుల్లో నాన్నకు జ్వరం వచ్చింది కదా, ఆ తరువాత జరిగిన మొదటి పెళ్లిలోనే ఆమె కనిపెట్టేసిందట. అప్పటి నుంచి కూరగాయలు తరుగుతూ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, చారు గుమగుమలాడతాంది అనో, పోపు మాడేటట్టుంది అనో పైకి అంటూ ఉండేదట. నిజమే, శివమ్మ వాగుడుకాయ అని మేమంతా నవ్వుకునేవాళ్లం.

"మరి ఆయనతో ఎప్పుడూ అనలేదా?"

"ఆయప్ప అడగలే, నేను చెప్పలే. మాకట్ల జరిగిపోతాండె. ఇప్పుడు నువ్వుండావు గదా, కొంచెం అరుస్తా ఉండమ్మా."

అరవడం నాకు చేతకాక కాదు. చారుకూ పప్పుకూ నలభై ఏళ్ల చేతి కొలత ఉంది, శివమ్మ లేకపోయినా ఎట్లాగో గట్టెక్కుతాయి. ఈ మాకరోనికి ఏ కొలతా లేదు. చెడిపోయిందో బాగుందో కూడా తెలియని దాన్ని నాలుగొందల మందికి పెట్టి, నాన్న పేరు పులివెందులలో మట్టిలో కలిసిపోతుందనేదే నా భయం. మరుసటి రోజు ఆయన షెడ్డులో గరిటెలు తుడుస్తుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, ఆ రోజు చీజ్ కుళ్లిపోయింది. అంత కంపు మీకు తెలీలేదు."

"దాని వాసన ఎట్లుంటాదో నీకేం తెలుసు?"

"తెలుసు. నిఖత్ అత్త ఇంట్లో తిన్నా. ఏడో తరగతి నుంచి తింటానే ఉండా."

నాన్న గరిటె తుడవడం ఆపలేదు.

"అది నాకు తెలుసులే. ఆదివారం ఆదివారం నీ చేతులు వాసనొస్తాండె. సబ్బు వాసన, దాని కింద పాలూ మిరియాలూ కలిసిన వాసన ఏందో."

"మరి ఎందుకు తిట్టలేదు?"

"బాగుండె ఆ వాసన. అడిగితే పోవడం మానేస్తావేమోనని అడగలే."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఇక దాచలేదు. జ్వరంతో పాటే వాసన పోయింది, వస్తుందిలే అని ఏడాది చూశాడట. కడపలో డాక్టరు కొందరికి వస్తుంది, కొందరికి రాదు అన్నాడట. కర్పూరం నలిపినా, ఇంగువ డబ్బా మూత తీసినా ఏమీ లేదట. అట్లయితే రుచి చూసి వండండి, నాలుకకు ఉప్పు తెలుస్తుంది కదా అన్నాను. వద్దన్నాడు. నేను చూసి చెబుతానన్నాను. నువ్వు చూసినా ఎంగిలే అన్నాడు. పులివెందుల వంట వదిలేసుకుందామంటే ఒక్క చూపు చూశాడు.

లేచేటప్పుడు మాత్రం, "మీ అమ్మకు చెప్పొద్దు," అన్నాడు. చెప్పనన్నాను.

నేను నిఖత్ అత్త దగ్గరికి ఈసారి పట్టపగలు, వీధిలో అందరూ చూస్తుండగానే పోయి, నాలుగొందల మందికి లెక్క కట్టించుకుని వచ్చాను. కువైట్‌లో పండగలకు పెద్ద పెద్ద ట్రేలలో చేసేదట. చీజ్‌లోనే ఉప్పుంటుంది, పైన వేయొద్దని మీ నాయనకు రెండుసార్లు చెప్పమ్మా అంది. నేను మూడుసార్లు చెప్పాను.

పులివెందుల పెళ్లి ముహూర్తం పదిన్నరకు. తెల్లవారకముందే మండపం వెనక పొయ్యిలు వెలిగాయి. నాన్న, వరసకు అన్నయ్యే అయిన నాగసాయి, ఇంకో ఇద్దరు వంటవాళ్లు, నేను. సాంబారు, పులిహోర, పొంగలి అన్నీ అలవాటు ప్రకారం దిగిపోయాయి. మాకరోని చివరన పెట్టుకున్నాం. నీళ్లు వంచేసిన గుండిగలో తెల్లగా అది ఆవిరి కక్కుతుంటే నాన్న చేయి దానంతటదే ఉప్పు డబ్బాలోకి పోవడం నేను చూశాను. తెల్లటి వంట చూస్తే ఉప్మా అనుకుంటుంది కాబోలు ఆ చేయి. ఒక పిడికెడు, రెండో పిడికెడు. నాన్నా అని నేను అరిచేసరికి మూడోది కూడా పడిపోయింది. పాలూ చీజూ కలిపి, మిరియాలు చల్లారు. నాన్న మామూలుగా గుండిగ మీదికి వంగి, కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. నాగసాయి భక్తిగా చూస్తున్నాడు. ఆ దొంగ పీల్పు చూడలేకపోయాను.

గరిటెతో కొంచెం తీసి అరచేతిలో వేసుకుని తిన్నాను.

నాగసాయి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఒకాయన గరిటె కింద పెట్టేశాడు. నాన్న కళ్లు తెరిచి నా చేతినీ, నా నోటినీ చూశాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను.

"ఎట్లుంది?" అన్నాడు.

"ఉప్పు కషాయం."

"ఏం చేయాల?"

మిగిలిన ప్యాకెట్లు ఉప్పు లేకుండా ఉడికించి ఇందులో కలపాలి, ఇంకో పది లీటర్ల పాలు పోయాలి అన్నాను. నేను చెప్పినట్టే చేశాడు. మళ్లీ రుచి చూడమన్నాడు, చూశాను. ఆదివారం నిఖత్ అత్త పళ్లెంలోని రుచికి దగ్గరగా వచ్చింది. బాగుందన్నాక కూడా అక్కడే నిలబడి, సాంబారు గుండిగ వైపు గరిటె చూపించి, "అది కూడా చూడు," అన్నాడు. సాంబారు చూశాను. పులిహోర చూశాను. పొంగలి చూశాను. అన్నీ అద్భుతంగా ఉన్నాయి, ఒక్క రవ్వ అటూ ఇటూ లేదు. ఆ మాటే చెప్పాను. తల వంచుకుని విని, నిజం చెప్పు అన్నాడు. ఒట్టు పెట్టాను. నమ్మినట్టు లేడు.

పంక్తి వేసే ముందు నిర్మలమ్మ పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వచ్చి, సామికి ఆకు పెట్టినారా అని అడిగింది. కుదిరితే నాగసాయి ఏదో ఒకటి సర్దేసేవాడే. నాన్న అడ్డం వచ్చాడు.

"ఈ రోజు వంట ముందే రుచి చూసినాం తల్లీ. ఇది సామికి పనికిరాదు. కొబ్బరికాయ, బెల్లం పెట్టండి."

ఆమె మొహం మాడ్చుకుంది. కూతురి పెళ్లి రోజు ఇట్లాంటి మాట ఎవరికి మాత్రం రుచిస్తుంది? అయినా పెద్దాయన మీద గౌరవం కొద్దీ ఏమీ అనకుండా, బెల్లానికి మనిషిని పంపింది. మాకరోని కౌంటర్ దగ్గర బెంగళూరు పిల్లలు ఎగబడి తిన్నారు. అర్చన వచ్చి, తాతా సూపర్ అంది. నాన్న చేతులు జోడించాడు.

మా ఊరి గుళ్లో ఏటా ఉత్సవాలకు నైవేద్యం వండేది నాన్నే. పులివెందుల నుంచి వచ్చిన మూడో రోజు ఉతికిన పంచె కట్టుకుని పోయి, ఇక నుంచి నా వంటలో రుచి చూస్తారు, నైవేద్యానికి వేరే మనిషిని చూసుకోండి అని తనే చెప్పి వచ్చాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్లు జాలిపడి ఉంచుకునేవాళ్లేమో. కాలం చెడిపోయింది, కూతురి మాట విని ఆచారం వదిలేశాడని వీధిలో అనుకున్నారు. అమ్మ కూడా నన్నే అనింది. నేను ఏ మాటా తిరిగి చెప్పలేదు, మాట ఇచ్చాను మరి. మిగిలిన రెండు పెళ్లిళ్లలోనూ నాన్న ప్రతి గుండిగ దగ్గరా నన్ను పిలిచి రుచి చూపించాడు. మూఢం వచ్చింది, పొయ్యిలు ఆరిపోయాయి. నాన్న వరండాలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఒక్క మాట ఉండేది కాదు.

బడులు తెరిచాక వచ్చిన మొదటి ఆదివారం, తలస్నానం చేసి బయటికి వస్తే ఇల్లంతా మాడు వాసన. వంటింట్లో అమ్మ స్టవ్‌కు రెండడుగుల దూరంలో నిలబడి, ఒక చేత్తో కొంగు ముక్కుకు నొక్కిపెట్టుకుని, ఇంకో చేయి బారుగా చాపి గిన్నె కలుపుతోంది. మాకరోని. బేకరీ సామాన్ల షాపు నుంచి ప్యాకెట్, చీజ్ తనే తెప్పించింది. నువ్వెందుకు చేస్తున్నావమ్మా అంటే, పది రోజులుగా మనిషి మనిషిగా లేడు, ఆయనకు నచ్చింది ఒక్కటి చేసి పెడదామని అంది. ఆ రోజు కమ్మగా ఉందన్నాడు కదా అంది. గిన్నె అడుగు నల్లగా పట్టేసింది. కొంగు చాటున ఆమెకు తెలియలేదు. నేను చెప్పేలోపే పళ్లెంలో పెట్టుకుని వరండాలోకి పోయింది.

నాన్న ఒక ముద్ద తిన్నాడు. "బాగుంది జానకీ," అన్నాడు.

అమ్మ మొహం వెలిగిపోయింది. అంత బాగుందా, నేనూ చూస్తా అని ఆయన పళ్లెంలోంచే చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. నమలడం ఆపేసింది.

"మాడిపోయింది గదండీ."

"కొంచెమేలే."

"కొంచెమేంది, మొత్తం బొగ్గు వాసన. మీకు తెలీలేదా?"

నాన్న నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, చెప్పలేదని. అమ్మ మా ఇద్దర్నీ చూసింది. అమ్మ తెలివితక్కువదేమీ కాదు. ఎన్నాళ్లయిందని అడిగింది. నాలుగేళ్లన్నాడు. అమ్మ గోడకు చేరగిలబడి అక్కడే కింద కూర్చుండిపోయింది.

"మరి రోజూ పప్పు బాగుంది, చారు బాగుంది అంటాంటిరే. ఈ నాలుగేండ్లు అన్నీ ఉత్త మాటలేనా?"

"ఉత్త మాటలు కాదు జానకీ. నీ పప్పు నాకు గ్యాపకం ఉంది. నీ చారు గ్యాపకం ఉంది. ఆ గ్యాపకంతోనే తింటాంటి, బాగానే ఉండె." పళ్లెంలోకి చూశాడు. "ఇది మాత్రం నేను పుట్టినప్పటి నుంచి తినలే. ఇది ఎట్లుంటాదో నాకు తెలీదు."

అమ్మ కళ్లు తుడుచుకుని పళ్లెం తన వైపుకు లాక్కుంది. మాడిన భాగం పక్కకు నెట్టి, లోపల తెల్లగా ఉన్నచోట నుంచి నాలుగు గొట్టాలు తీసుకుంది. ఆ వాసనంటేనే పడని మనిషి, ముక్కు మీది కొంగు తీసేసి, వాటిని నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని మెల్లగా నమిలి, ఎట్లా ఉందో ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది.